చిన్న వర్తకునికి చిట్టాయే పెట్టని కోట

గోదావరి డెల్టా గ్రామములలో పన్నుల లెక్కకు సిద్ధపడుట: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

ధవళేశ్వరము వద్ద ఆనకట్ట నిర్మాణము 1852లో పూర్తియైన నాటినుండి గోదావరి డెల్టా ధాన్యాగారముగా పేరొందినది. అయినను నేటి డెల్టా గ్రామమున నాగలితో పాటు త్రాసునకును చోటున్నది. ఆత్రేయపురములో పూతరేకులు చుట్టి అమ్ము కుటుంబములు, కడియపులంకలో మొక్కలు పెంచు నర్సరీలవారు, నర్సాపురము పరిసరములలో లేసు అల్లించు వర్తకులు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారులు, భీమవరము ప్రాంతమున చేపల చెరువులకు మేత సరఫరా చేయువారు కలరు. ఇక కిరాణా కొట్టు, ఎరువుల దుకాణము, టిఫిను హోటలు, మోటారు మరమ్మతు షాపు లేని ఊరే లేదు. వీరిలో పెక్కురు ఇంటిల్లిపాదియు కష్టపడి నడుపుకొను చిన్న వ్యాపారులు.

మార్చి నెల వచ్చుసరికి ఈ వ్యాపారులకు ఒక దిగులు పట్టుకొనును. ఆర్థిక సంవత్సరము ఆ నెల 31వ తేదీతో ముగియును. లెక్కలు తేల్చవలెను. పన్ను ఉన్నదో లేదో, ఉన్నచో ఎంతయో చాలమందికి తెలియదు. కొందరు భయపడి అమ్మకములు దాచుదురు. కొందరు అవసరము లేకున్నను ఎవరో చెప్పిన మాట విని నమోదు చేయించుకొని, పిమ్మట రిటర్నులు దాఖలు చేయక అపరాధ రుసుములపాలగుదురు. మరికొందరు మధ్యవర్తి అడిగినంత ఇచ్చి చేతులు దులుపుకొందురు. ఈ మూడింటికిని కారణ మొక్కటే: వారివద్ద సంవత్సరపు లెక్క లేదు. పన్నుకు సిద్ధపడుట యనగా మార్చి నెలలో చేయు పని కాదు. ఏప్రిల్ ఒకటవ తేదీనుండి ప్రతిదినము రాత్రి కొట్టు కట్టుటకు ముందు చేయవలసిన పది నిమిషముల పని. ఈ సంగతిని గ్రామమునకు తెలియజెప్పగలవారు పంచాయతీ సభ్యులే.

పన్ను క్రొత్తది కాదు

వ్యాపారముపై పన్ను నేటి ప్రభుత్వములు కనిపెట్టినది కాదు. మన దేశమున ఆదాయపు పన్ను 1860 జూలై 24వ తేదీన తొలిసారి ప్రవేశపెట్టబడినది. గోదావరి మండలములు మద్రాసు రాష్ట్రమున అంతర్భాగములై యున్న కాలముననే, 1939లో, మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరము, 1957లో, రాష్ట్రమునకు స్వంత అమ్మకపు పన్ను చట్టము కలిగినది. 2005 ఏప్రిల్ 1 నుండి దాని స్థానమున విలువ ఆధారిత పన్నును, 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. యని వాడుకలోనున్న వస్తు సేవల పన్నును అమలులోనికి వచ్చినవి. పేర్లు మారినవి, శాతములు మారినవి. కాని ప్రతి చట్టమును వర్తకుని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏమి అమ్మితివి? ఎంతకు అమ్మితివి? దానికి వ్రాత ఏది?"

మన పూర్వులు ఈ ప్రశ్నకు జవాబు సిద్ధముగా నుంచుకొనిరి. దినసరి చిట్టా, పేరు పేరునకు ఖాతా, జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు వ్రాయుట తెలుగు వర్తకునికి తాతల నాటి విద్య. నేడు చేతిలో ఫోను వచ్చి, సొమ్ము తనంతట తాను ఖాతాలో పడుచుండుటచే, ఆ విద్య కొంత మరుగున పడినది. ఫోనులో అన్నియు ఉన్నవి కదా యని వర్తకుడు తలంచును. ఫోనులో ఉన్నది వచ్చిన సొమ్ము మాత్రమే. అది దేనికి వచ్చినదో ఫోను చెప్పదు.

పొరుగు రాష్ట్రము నేర్పిన పాఠము

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో 2025 జూలైలో కర్ణాటకమున జరిగిన సంఘటన వలన తేటపడినది. అక్కడి వాణిజ్య పన్నుల శాఖవారు యు.పి.ఐ. ద్వారా వచ్చిన సొమ్ము వివరములను పరిశీలించి, జమలు హద్దు మించినట్లు కనబడిన వేలకొలది చిన్న వర్తకులకు నోటీసులు పంపిరి. వారిలో పాలు, కూరగాయలు అమ్ముకొనువారును ఉండిరి. బెంగుళూరులో ఎన్నో దుకాణములవారు క్యూ.ఆర్. కోడు కాగితములను తీసివేసి, నగదే ఇమ్మని కొనుగోలుదారులను కోరిరి. తుదకు, పన్ను లేని వస్తువులు అమ్మువారు కలత చెందనక్కరలేదనియు, పాత బకాయిలకై పట్టుబట్టబోమనియు, నమోదు కావలసినవారు మాత్రము నమోదు చేసికొనవలెననియు అక్కడి ప్రభుత్వము ప్రకటించినది.

ఈ ఉదంతము నుండి మన గ్రామములు గ్రహింపవలసినవి రెండు. మొదటిది, క్యూ.ఆర్. కాగితము తీసివేసినంత మాత్రమున పన్ను బాధ్యత తొలగిపోదు. నగదుకు అమ్మినను అది అమ్మకమే. రెండవది, ఖాతాలో పడిన ప్రతి రూపాయియు అమ్మకము కాదు. కోనసీమలో ఒక కొట్టు యజమాని ఖాతాలో గల్ఫు దేశమున పనిచేయు కుమార్తె పంపిన సొమ్ము పడవచ్చును. చీటీపాట సొమ్ము పడవచ్చును. బావమరిది తీర్చిన చేబదులు పడవచ్చును. ఇవి వ్యాపారపు రాబడి కావు. కాని అధికారి అడిగిననాడు "ఇది అమ్మకము కాదు" అని నోటితో చెప్పిన చాలదు, వ్రాత చూపవలెను. వ్రాత యున్నవానికి నోటీసు ఒక ఉత్తరము మాత్రమే. వ్రాత లేనివానికి అదియే పిడుగు.

ఏది వ్యవసాయము, ఏది వ్యాపారము?

డెల్టా ప్రాంతమున ఈ ప్రశ్న తరచుగా వచ్చును. ఏలయనగా ఒకే ఇంటిలో పొలమును, కొట్టును రెండును ఉండును. వ్యవసాయాదాయముపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. తన చేలో పండిన ధాన్యమును రైతు అమ్మగా వచ్చినది వ్యవసాయాదాయము. అదే రైతు ఇరుగుపొరుగువారి ధాన్యము కొని, లాభమునకు అమ్మినచో ఆ లాభము వ్యాపారాదాయము.

కడియము ప్రాంతపు నర్సరీలవారికి ఇందు ఒక విశేషమున్నది. నర్సరీలో పెంచిన మొక్కలు, నారు వలన కలుగు ఆదాయమును వ్యవసాయాదాయముగనే ఎంచవలెనని 2008 నాటి ఆర్థిక చట్టము స్పష్టపరచినది. మొక్కల అమ్మకముపై జి.ఎస్.టి. కూడ లేదు. అయితే తాను పెంచక, ఇతరులవద్ద మొక్కలు కొని లారీలకెత్తి అమ్మువాని లాభమును, మొక్కలు ఇప్పించి దళారీ పుచ్చుకొనువాని కమీషనును వ్యవసాయాదాయములు కావు. ఒకే వ్యక్తి ఈ మూడు పనులును చేయుచున్నచో మూడింటికి మూడు వేరు పద్దులుండవలెను.

చేపల చెరువులు, కోళ్ల ఫారములు, పాడి పశువులు గలవారు తమ ఆదాయమును కూడ వ్యవసాయముగనే భావించుట కద్దు. ఆదాయపు పన్ను దృష్టిలో ఇవి సాధారణముగా వ్యవసాయము క్రిందికి రావు. భీమవరము, ఉండి ప్రాంతముల చెరువుల యజమానులును, అనపర్తి ప్రాంతపు కోళ్ల పెంపకందారులును ఈ తేడాను మనసునందుంచుకొనవలెను. తాజా చేపలకు, కోడిగ్రుడ్లకు జి.ఎస్.టి. లేదు గనుక ఆదాయపు పన్ను కూడ లేదనుకొనుట పొరపాటు. రెండును వేరు వేరు పన్నులు, వేరు వేరు చట్టములు.

మరియొక చిన్న సంగతి. పొలము కూడ గల వర్తకుడు తన వ్యవసాయాదాయము సంవత్సరమునకు 5,000 రూపాయలు మించినచో, చిన్న వ్యాపారులకై ఏర్పరచిన సుగమ్ అను సులభ రిటర్నును 2025-26 ఆర్థిక సంవత్సరపు లెక్కకు వాడుటకు వీలులేదు; వివరమైన రిటర్ను దాఖలు చేయవలెను. వ్యాపారాదాయము పన్ను లేని హద్దు దాటినప్పుడు, శాతమును నిర్ణయించుటకు వ్యవసాయాదాయమును కూడ లెక్కలోనికి తీసికొందురు. కావున పొలము రాబడికి సైతము ఒక పద్దుండుట మేలు.

జి.ఎస్.టి. హద్దులు

ఆంధ్రప్రదేశ్‌లో కేవలము వస్తువులు అమ్ము వర్తకుని సాలుసరి మొత్తము అమ్మకము 40 లక్షల రూపాయలు మించినప్పుడు జి.ఎస్.టి. నమోదు అవసరమగును. తెలంగాణమున ఈ హద్దు 20 లక్షలే. మరమ్మతు, కూలి పని, అద్దె మొదలగు సేవలకు ఇక్కడను 20 లక్షలే హద్దు. హద్దు దాటిన 30 దినములలోపల దరఖాస్తు చేయవలెను. దరఖాస్తుకు రుసుము లేదు. నమోదు కావలసియుండి కానివానికి 10,000 రూపాయలు లేక ఎగవేసిన పన్ను, ఈ రెండింటిలో ఏది ఎక్కువైన అది అపరాధముగా విధింపవచ్చును.

హద్దును లెక్కించునపుడు పలువురు పొరబడుదురు. పన్ను లేని వస్తువుల అమ్మకమును కూడ ఈ 40 లక్షలలో కలుపవలెను. అయితే కేవలము పన్ను లేని వస్తువులను మాత్రమే అమ్మువారు, అమ్మకమెంత యున్నను, నమోదు కానక్కరలేదు. పాలు, కూరగాయలు, తాజా చేపలు, కోడిగ్రుడ్లు, కొబ్బరికాయలు ఇట్టివి. విడిగా తూచి ఇచ్చు బియ్యమునకు పన్ను లేదు. 25 కిలోలు గాని అంతకు తక్కువ గాని తూకముతో ముందే కట్టి, ముద్రవేసి అమ్ము బియ్యపు సంచికి 2022 జూలై 18 నుండి 5 శాతము పన్ను కలదు. ఒకే బియ్యము, రెండు పద్దులు!

ఒక ఉదాహరణమును చూతము. ఒక గ్రామమున కిరాణా వర్తకుడు సంవత్సరమున 42 లక్షల సరుకు అమ్మినాడనుకొందము. ఇందు విడి బియ్యము, కూరగాయలు, గ్రుడ్లు 30 లక్షలు. సబ్బులు, నూనెలు, బిస్కత్తులు మొదలగునవి 12 లక్షలు. మొత్తము 40 లక్షలు దాటినది గనుక అతడు నమోదు కావలెను. ఈ మాట వినగానే వర్తకుని గుండె ఝల్లుమనును. కాని కోటిన్నర లోపు అమ్మకముగల వర్తకులకు కాంపోజిషన్ పథకమను సులభ మార్గమున్నది. ఇందు సరుకు కొని అమ్ము వర్తకుడు తాను అమ్మిన పన్నుగల వస్తువుల విలువపై నూటికి ఒక రూపాయి చెల్లించిన చాలును. 12 లక్షలపై అది 12,000 రూపాయలు. రెండు రకముల సరుకును వేరుగా వ్రాయనివాడు 30 లక్షలకు పన్ను లేదని నిరూపించుకొనజాలక 42,000 కట్టవలసిన ప్రమాదము కలదు. వేరుగా వ్రాసిన రెండు గళ్లు అతనికి 30,000 రూపాయలు మిగిల్చినవన్నమాట.

సరుకును స్వయముగా తయారుచేసి అమ్మువారికి ఒక శాతమును మొత్తము అమ్మకముపై లెక్కింతురు. టిఫిను హోటళ్లకు 5 శాతము. కాంపోజిషన్‌లో చేరినవాడు కొనుగోలుదారునివద్ద పన్ను వసూలు చేయరాదు. తాను సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును తిరిగి పొందజాలడు. రాష్ట్రము దాటించి సరుకు అమ్మరాదు.

ఈ చివరి నిబంధన కోనసీమ, కాకినాడ ప్రాంతములవారికి ముఖ్యము. యానాము మన నడుమనే యున్నను పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. ఇక్కడి పీచు తాళ్లను, కొబ్బరినూనెను వాహనమున వేసి యానాము దుకాణమునకు అమ్మి పంపినచో, అది కొద్దిపాటి దూరమే యైనను, చట్టదృష్టిలో రాష్ట్రాంతర వ్యాపారమే. కాంపోజిషన్‌లో నున్నవానికి అది నిషిద్ధము. నమోదు కాని వానికి సైతము, పన్నుగల సరుకును ఇట్లు పంపినచో, 40 లక్షల హద్దు వర్తింపక నమోదు తప్పనిసరి యగును. కొన్ని చేతిపని వస్తువులకు మాత్రము మినహాయింపున్నది.

నమోదు అవసరము లేనివాడు తొందరపడి నమోదు కారాదు. ఒకసారి నమోదైన పిమ్మట వ్యాపారము లేని కాలమునకు సైతము శూన్య రిటర్ను దాఖలు చేయవలెను. మానినచో దినమునకు ఇంతయని ఆలస్య రుసుము పెరుగును. వ్యాపారము నిలిపివేసినచో నమోదును రద్దు చేయించుకొనవలెను.

ఆదాయపు పన్ను

జి.ఎస్.టి. అమ్మకముపై పన్ను, ఆదాయపు పన్ను మిగులుపై పన్ను. చిన్న వర్తకుడు సంపూర్ణమైన లెక్కల పుస్తకములు నడుపలేడని తలంచి, చట్టము అతనికి ఒక సదుపాయము కల్పించినది. సాలుసరి అమ్మకము 2 కోట్లకు లోపున్నవారు నగదుగా వచ్చిన అమ్మకములో 8 శాతమును, బ్యాంకు ద్వారా గాని యు.పి.ఐ. ద్వారా గాని వచ్చిన దానిలో 6 శాతమును లాభముగా చూపవచ్చును. నిజముగా వచ్చిన లాభము అంతకంటె ఎక్కువైనచో ఆ ఎక్కువనే చూపవలెను. కమీషను, దళారీ ఆదాయమునకు ఈ సదుపాయము వర్తింపదు.

పై కిరాణా వర్తకుని 42 లక్షలలో 22 లక్షలు నగదుగను, 20 లక్షలు ఫోను ద్వారాను వచ్చినవనుకొందము. నగదుపై 8 శాతము 1,76,000. మిగిలిన దానిపై 6 శాతము 1,20,000. మొత్తము 2,96,000 రూపాయలు. 2025-26 సంవత్సరమునకు క్రొత్త పన్ను పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు. 12 లక్షల వరకు ఆదాయముగలవారికి లెక్కకు వచ్చిన పన్నును రిబేటుగా మినహాయింతురు. కావున వేరు ఆదాయము లేనిచో ఇతడు ఆదాయపు పన్నుగా ఒక్క రూపాయియు చెల్లింపనక్కరలేదు. ఇన్నాళ్లును దేనికి భయపడెనో అది అసలే లేదు!

పన్ను లేకున్నను రిటర్ను అవసరమగు సందర్భములున్నవి. ఆదాయము 4 లక్షలు మించినను, ఆదాయముతో నిమిత్తము లేకుండ వ్యాపారపు అమ్మకము 60 లక్షలు దాటినను, సంవత్సరపు కరెంటు బిల్లులు లక్ష రూపాయలు దాటినను రిటర్ను దాఖలు చేయవలెను. ఐసు ఫ్యాక్టరీలు, పిండి మరలు నడుపువారు ఈ చివరి మాటను గమనింపవలెను. గడువు దాటి దాఖలు చేసినచో 5 లక్షల వరకు ఆదాయముగలవారికి 1,000, అంతకు మించినవారికి 5,000 రూపాయలు ఆలస్య రుసుము. పన్ను లేని హద్దులోపల ఆదాయముగలవారికి సాధారణముగా ఈ రుసుము ఉండదు.

రిటర్ను వేయుట వర్తకునికే లాభము. ముద్రా పథకము క్రింద గాని మరి యే పథకము క్రింద గాని బ్యాంకువారిని అప్పు కోరినప్పుడు, వ్యాపారమును చూపుటకు రిటర్నును మించిన సాక్ష్యము లేదు. అమ్మకములను దాచినవాడు పన్ను తప్పించుకొన్నాననుకొనును; తుదకు బ్యాంకు అప్పు దొరకక అధిక వడ్డీకి అప్పు తెచ్చుకొనును. పన్నే లేనిచోట పన్నుకు భయపడి వడ్డీ కట్టుట ఏమి వివేకము?

చిట్టా ఎట్లుండవలెను?

నూరు పుటల నోటు పుస్తకము ఒకటి చాలును. ప్రతి పుటకు ఏడు గళ్లు: తేదీ, నగదు అమ్మకము, ఫోను లేక బ్యాంకు అమ్మకము, అరువు అమ్మకము, అందులో పన్ను లేని సరుకు ఎంత, నాటి కొనుగోళ్లు, ఖర్చులు. రాత్రి ఒక్కసారి కూడి వ్రాసిన చాలును. నమోదైన వర్తకులు సైతము, కొనుగోలుదారు బిల్లు కోరనప్పుడు, 200 రూపాయల లోపు అమ్మకములకు విడి విడిగా బిల్లులు వ్రాయక, దినాంతమున అన్నిటికిని కలిపి ఒక బిల్లు వ్రాసికొనవచ్చును.

అరువు గడిని నిర్లక్ష్యము చేయరాదు. డెల్టా గ్రామములలో సార్వా పంట, దాళ్వా పంట చేతికి వచ్చువరకు రైతుకు కొట్టులో అరువు నడచుట ఆచారము. ఫిబ్రవరిలో ఇచ్చిన ఎరువు సొమ్ము దాళ్వా కోతల పిమ్మట మేలో రావచ్చును. అమ్మకము ఫిబ్రవరిదే, సొమ్ము మాత్రము క్రొత్త సంవత్సరమున వచ్చినది. దానిని మరల క్రొత్త అమ్మకముగా వ్రాసినచో వర్తకుడు ఒకే సరుకుకు రెండుసార్లు లెక్క చెప్పినవాడగును. రిటర్ను గడువులోపల ఆ సొమ్ము బ్యాంకు ద్వారా వచ్చినచో దానికి 6 శాతపు సదుపాయమే వర్తించును. కావున అరువు తీరిన తేదీని, తీరిన విధమును ఎదుటనే వ్రాయవలెను.

వ్యాపారమునకు ఒక బ్యాంకు ఖాతా, ఇంటికి వేరొక ఖాతా ఉంచుకొనుట ఉత్తమము. కొట్టులో అంటించు క్యూ.ఆర్. కోడు వ్యాపారపు ఖాతాదే కావలెను. కొట్టునుండి ఇంటికి తీసికొన్న సరుకును కూడ వ్రాయవలెను. ఒకరినుండి ఒకే దినమున 2 లక్షలు గాని, అంతకెక్కువ గాని నగదుగా పుచ్చుకొనరాదు. 20,000 రూపాయలు మొదలు ఆపై అప్పును బ్యాంకు ద్వారానే తీసికొనవలెను.

నమోదైనవారు లెక్కలను, బిల్లులను సంవత్సరపు రిటర్ను గడువునుండి 72 నెలలు భద్రపరచవలెను. గోదావరి వరదల సంగతి మనకు తెలియనిది కాదు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను లంక గ్రామముల ఇండ్లలోనికి నీరు వచ్చినది. 1996 నవంబరు తుపాను కోనసీమను అతలాకుతలము చేసినది. కాగితపు చిట్టా ఒక్క రాత్రిలో తడిసి ముద్దకావచ్చును. కనుక ప్రతి నెలాఖరున చిట్టా పుటలను, కొనుగోలు బిల్లులను ఫోనుతో ఫొటో తీసి, వేరొక ఊరిలోని దగ్గరి బంధువుకు పంపియుంచుట మంచి జాగ్రత్త.

సంవత్సరపు పనుల వరుస

ఏప్రిల్ 1: క్రొత్త చిట్టా ప్రారంభము. ఉగాది దరిదాపుననే ఈ తేదీ వచ్చును గనుక జ్ఞాపకముంచుకొనుట సులభము.

ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి 18వ తేదీలు: కాంపోజిషన్ వర్తకులు అంతకుముందు మూడు నెలల పన్ను చెల్లించుటకు గడువు.

జూన్ 30: కాంపోజిషన్ వారి సంవత్సరపు రిటర్ను.

ఆదాయపు పన్ను రిటర్ను: ఈ గడువును ఏటా ఆదాయపు పన్ను శాఖవారి ప్రకటనలో చూచుకొనవలెను. 2025లో జూలై 31గా నున్న గడువును మొదట సెప్టెంబరు 15కు, పిమ్మట 16కు పొడిగించిరి. పొడిగింతురను ఆశతో కూర్చుండుట మాత్రము మంచిది కాదు.

మార్చి 15: 8, 6 శాతముల పద్ధతి ననుసరించువారు, పన్ను 10,000 రూపాయలు గాని అంతకెక్కువ గాని ఉండునని తోచినచో, ముందస్తు పన్నును ఒకే వాయిదాగా చెల్లించు దినము.

మార్చి 31: కొట్టులోని సరుకు నిల్వను లెక్కించి వ్రాయవలెను. మామూలు పద్ధతినుండి కాంపోజిషన్‌కు మారగోరు నమోదిత వర్తకులు రానున్న సంవత్సరమునకై ఈ తేదీలోపల తెలియపరచవలెను. గ్రామపంచాయతీ ఇంటి పన్ను, లైసెన్సు రుసుముల బకాయిలు తీర్చుటకును ఇదియే సమయము. పంచాయతీకి కట్టినది జి.ఎస్.టి.కి గాని, ఆదాయపు పన్నుకు గాని బదులు కాదు. అవి కట్టినవాడు పంచాయతీకి కట్టనక్కరలేదనుటయు సరికాదు.

చట్టములును, శాతములును మారుచుండును. 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి.లో 5, 18 శాతములు ప్రధాన శ్రేణులైనవి. సబ్బుల వంటి నిత్యావసరములపై పన్ను తగ్గినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త చట్టమునకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. కావున పై అంకెలను ఏటా ఒకసారి సరిచూచుకొనవలెను. అంకెలు మారినను చిట్టా మారదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

పన్ను వసూలు చేయుట ఈ విషయమున పంచాయతీ పని కాదు. భయము పోగొట్టుటయే దాని పని. ఇందుకై పంచాయతీ సభ్యులు చేయదగినవి కొన్ని కలవు.

మొదటిది, ప్రతి సంవత్సరము ఫిబ్రవరిలో ఒక సాయంకాలము గ్రామములోని వర్తకులను, చేతిపనివారిని, స్వయంసహాయక సంఘముల స్త్రీలను సమావేశపరచుట. వాణిజ్య పన్నుల శాఖ అధికారిని గాని, ఒక చార్టర్డ్ అకౌంటెంటును గాని పిలిపించి సందేహములు తీర్పించుట. పూతరేకులు చుట్టు, లేసు అల్లు స్త్రీలలో కూలికి పనిచేయువారెవరు, స్వయముగా అమ్మువారెవరు అను భేదమును అక్కడనే తేల్చి చెప్పవలెను; ఏలయన ఇరువురి హద్దులును వేరు.

రెండవది, మధ్యవర్తుల విషయమున హెచ్చరించుట. జి.ఎస్.టి. నమోదుకు గాని, చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదుకు గాని ప్రభుత్వము రుసుము తీసికొనదు. వ్రాసిపెట్టినవారికి కూలి ఇచ్చుట న్యాయమే. కాని రహస్య సంకేతమును, ఫోనుకు వచ్చు ఓ.టి.పి.ని పరుల చేతిలో పెట్టరాదు. తన పేరిట ఏమి దాఖలైనదో వర్తకుడు నకలు తీసికొని చిట్టాలో అంటించుకొనవలెను.

మూడవది, నోటీసు వచ్చినవానికి ధైర్యము చెప్పి, గడువులోపల జవాబు పంపునట్లు చూచుట. నోటీసు అనగా శిక్ష కాదు, ప్రశ్న. ప్రశ్నకు జవాబు చెప్పనివానికే చిక్కు.

నాలుగవది, పంచాయతీ తన లెక్కను తాను సక్రమముగా నుంచుట. ఇంటి పన్ను వసూలు చేసినప్పుడు రసీదు ఇచ్చి, ఆ సొమ్ము ఏ వీధి దీపమునకు, ఏ మురుగు కాలువకు ఖర్చైనదో గ్రామసభలో చదివి వినిపించు పంచాయతీ, వర్తకునికి లెక్క వ్రాయుమని చెప్పుటకు అర్హత గలది. తన పుస్తకము తెరువని పంచాయతీ మాటను వర్తకుడేల వినును?

పల్లె కొట్టు చిన్నదే. కాని దానిమీద ఒక కుటుంబము బ్రదుకుచున్నది. పంట వచ్చువరకు ఆ కొట్టు అరువుమీద మరి పది కుటుంబములు గడుపుచున్నవి. ఆ కొట్టు ఒక నోటీసునకు బెదరి మూతపడరాదు. తెలియక నమోదై రుసుములలో మునిగిపోరాదు. లెక్క లేక బ్యాంకు గుమ్మమునుండి తిరిగి రారాదు. ఇందుకు కావలసినది ఒక నోటు పుస్తకము, ఒక కలము, దినమునకు పది నిమిషములు. ఈ అలవాటును తన వార్డులో ఒక్క దుకాణమునకైనను నేర్పిన పంచాయతీ సభ్యుడు గ్రామమునకు మంచి సేవ చేసినవాడగును.